అక్క ఉండే ఊరు: ఊహాలోకంలో తలదాచుకున్న ఒక యువతి కేస్ స్టడీ

ఈ కేసులోని యువతికి నా దగ్గరకు వచ్చేనాటికి 26 ఏళ్లు. పల్నాడు ప్రాంతంలో మిర్చి, పత్తి వేసే ఒక కౌలురైతు పెద్దకూతురు. బీకాం పూర్తి చేసి, గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తూ మహిళల హాస్టల్లో ఉండేది. ఆమె అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. ఆమెను గానీ, కుటుంబాన్ని గానీ గుర్తుపట్టడానికి వీలిచ్చే సంగతులన్నిటినీ మార్చాను. క్లినికల్ సైకాలజిస్టుగా నేను చూసేవాళ్లలో పగటికలల సమస్య అరుదేమీ కాదు, కానీ ఆ మాట నోటితో చెప్పుకుని వచ్చేవాళ్లు చాలా తక్కువ. చదువు తలకెక్కడం లేదనో, పరధ్యానంగా ఉంటోందనో, నిద్ర పట్టడం లేదనో వస్తారు. తమలో ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక లోకం గురించి నోరు విప్పడానికి వాళ్లకు సిగ్గు అడ్డం వస్తుంది.

ఆమెను తీసుకొచ్చింది తల్లి. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు గమనించానని చెప్పింది. "అమ్మా, పిల్ల డాబా ఎక్కి ఒంటరిగా నడుస్తా మాట్లాడుకుంటోంది. నవ్వుద్ది, ఒక్కోసారి ఏడుస్తది. పిలిస్తే ఉలిక్కిపడుద్ది. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించాం, తగ్గలేదు." ఆ తర్వాత ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒంటరిగా మాట్లాడటం, నవ్వుకోవడం అన్న రెండు లక్షణాల మీద అక్కడ సైకోసిస్‌కు, అంటే వాస్తవానికీ భ్రమకూ తేడా తెలియకుండా పోయే స్థితికి, వాడే మందు మొదలుపెట్టారు. నాలుగు నెలలు వేసుకుంది. మగత పెరిగింది, ఒళ్లు వచ్చింది, డాబా మీద నడక మాత్రం ఆగలేదు.

తల్లి బయటకు వెళ్లి కూర్చున్నాక కూడా ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మేడం, ఇది పిచ్చేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు వెంటనే జవాబివ్వకుండా, డాబా మీద నడుస్తున్నప్పుడు ఏం జరుగుతుందో చెప్పమన్నాను. అప్పుడు చెప్పిన కథ నాకు ఇప్పటికీ గౌరవం కలిగించే కథ, ఎందుకంటే అందులో ఉన్న శ్రద్ధ, కొనసాగింపు, మనుషుల పట్ల ప్రేమ సామాన్యమైనవి కావు.

ఆ లోకం ఒక ఏటి ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ ఆమెకు ఒక అక్క ఉంది. నిజజీవితంలో ఈ యువతే ఇంటికి పెద్దది. ఇద్దరు తమ్ముళ్లు చదువుకుంటున్నారు. ఊహలోని అక్క లాయరు. ఎవరికీ భయపడదు, కేకలు వేయదు, నిదానంగా మాట్లాడి పని చక్కబెడుతుంది. పగటికలలంటే తానే గొప్పదాన్నయిపోయినట్టు, చప్పట్లు కొట్టించుకున్నట్టు ఊహించుకోవడమని చాలామంది అనుకుంటారు. ఈమె ఊహలో ఈమె గొప్పది కాదు, కేవలం చెల్లెలు. అక్క అన్నం కలిపి పెడితే తినే చెల్లెలు, ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేని చెల్లెలు. తొమ్మిదేళ్ల వయసులో రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చిన తొలి రోజుల్లో, రాత్రి లైట్లు ఆర్పాక, దుప్పటి ముసుగులో ఈ అక్క మొదటిసారి వచ్చింది. ఆ తర్వాత పదిహేడేళ్లుగా కథ తెగలేదు. ఆమెతో పాటు అక్కకూ వయసు పెరిగింది, పెళ్లయింది, ఒక పాప పుట్టింది. నిన్న ఎక్కడ ఆపిందో ఈరోజు అక్కడి నుంచే మొదలవుతుంది.

హాస్టల్ డాబా మీద నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా, మళ్లీ పిట్టగోడ నుంచి ట్యాంకు దాకా, చెవిలో ఇయర్‌ఫోన్లతో, చెప్పులు లేకుండా నడిచేది. నా ఎదుట కూర్చున్నప్పుడు పాదాలు కుర్చీ కిందకు లాక్కుని దాచుకుంది. మడమలు నిలువునా పగిలి, ఒకచోట నెత్తురు చెమ్మ ఇంకా ఆరలేదు. నొప్పి తెలియదా అని అడిగితే, "కిందికి దిగాక తెలుస్తుంది మేడం" అంది. పని రోజుల్లో నాలుగైదు గంటలు, ఆదివారమైతే పది గంటల దాకా ఇలా గడిచిపోయేది. రాత్రి ఎనిమిదికే పక్క ఎక్కేది. నిద్ర కోసం కాదు, కళ్లు మూసుకుంటే అక్క దగ్గరికి తొందరగా చేరవచ్చని. కొన్నిసార్లు అదే కథ నిద్రలో కలగా కొనసాగేదని, అలాంటి రోజున పొద్దున్నే లేవడం మహా కష్టంగా ఉండేదని చెప్పింది.

ఆమె వైద్యానికి ఒప్పుకోవడానికి కారణం తల్లి బెంగ కాదు, ఉద్యోగంలో జరిగిన ఒక పొరపాటు. సీజన్లో లోడు దిగుతున్న ఒక మధ్యాహ్నం, ఒక రైతు మిర్చి టిక్కీలను (బస్తాలను) మరో రైతు లాట్ నంబరు కింద రాసేసింది. ధర వచ్చిందని సరుకు తీయడానికి ఆ రైతు వస్తే, రికార్డులో సరుకు కనిపించలేదు. చివరికి దొరికింది, నష్టమేమీ జరగలేదు. అయితే ఆ పెద్దాయన గేటు దగ్గర చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డ తీరు చూసి, అచ్చం తన నాన్నను చూసినట్టయిందని ఆమె చెప్పింది.

నిర్ధారణ

మొదట తేల్చుకోవలసింది సైకోసిస్ సంగతి. ఎవరికీ వినబడని గొంతులు బయటి నుంచి వినబడటం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారని నమ్మడం, ఆలోచనల తీగ తెగిపోవడం వంటివి ఏవీ ఆమెలో లేవు. అక్క మాట ఆమెకు చెవికి వినబడదు; ఆమే అనుకుంటుంది, ఆమే పలుకుతుంది. "అది నేను అల్లుకున్నదేనని తెలుసు మేడం. తెలిసినా బయటికి రాలేకపోతున్నాను" అన్న ఒక్క వాక్యం చాలు, ఇది భ్రమ కాదని చెప్పడానికి. సైకోసిస్‌లో తెగిపోయేది సరిగ్గా ఈ ఎరుకే. ఒంటరిగా మాట్లాడుకునే ప్రతి మనిషినీ ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఓపికగా వింటే, అనవసరంగా మందు మింగే వాళ్లు ఎంతోమంది తగ్గుతారని నా నమ్మకం. చిన్నప్పటి నుంచి ఏకాగ్రత లోపం ఉందేమో కూడా చూశాను. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇలా పగటికలల్లో మునిగిపోయే సమస్య ఉన్న 39 మందిని పరీక్షిస్తే నాలుగింట మూడొంతులకు పైగా మందిలో ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపం, కూడా కనిపించింది కాబట్టి, దాన్ని విడిచిపెట్టి ముందుకు వెళ్లకూడదు. ఈమె స్కూలు రోజుల చరిత్రలో అలాంటిది లేదు. మధ్యస్థాయి డిప్రెషన్ మాత్రం స్పష్టంగా ఉంది.

ఈ స్థితికి మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్ (జీవితానికి అడ్డుపడే పగటికలలు) అన్న పేరు పెట్టినవారు ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన సైకాలజిస్టు ఎలీ సోమర్. చిన్ననాటి గాయాలతో తన దగ్గరకు వచ్చిన ఆరుగురి అనుభవాల ఆధారంగా 2002లో ఆయన దీన్ని వర్ణించారు. పగటికలలన్నీ రోగమని ఆయన అనలేదు. మనసు చేస్తున్న పని మీద నుంచి పక్కకు పోవడం మనిషికి సహజం. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే సైకాలజిస్టులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్ల ద్వారా 2,250 మందిని రోజువారీ పనుల మధ్య ప్రశ్నించినప్పుడు, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 47 శాతం మనసు వేరేచోటే ఉందని తేలింది. అంతకు చాలా ముందే అమెరికన్ సైకాలజిస్టు జెరోమ్ సింగర్ పగటికలల్లో మేలు చేసే తీరు ఉందనీ, అపరాధభావంతోనూ ఓటమి భయంతోనూ నిండిన తీరు వేరే ఉందనీ, మనసు దేని మీదా నిలవని తీరు మరొకటనీ విడమరిచారు. సోమర్ వర్ణించినది ఇంకా గాఢమైనది. గంటల తరబడి సాగే, పాత్రలతో కథతో నిండిన, నడక వంటి ఒకే రకమైన కదలికతోనూ సంగీతంతోనూ ముడిపడిన, ఆపాలనుకున్నా ఆగని, జీవితాన్ని దెబ్బతీసే ఊహాలోకం అది. వైద్యులు రోగనిర్ధారణకు వాడే జాబితాలైన డీఎస్ఎం-5లో గానీ, ఐసీడీ-11లో గానీ దీనికి విడి రోగంగా స్థానం లేదు. దీని తీవ్రతను కొలిచే 16 ప్రశ్నల కొలమానాన్ని నేను తెలుగులో చెప్పి అడుగుతాను కాబట్టి, వచ్చిన అంకెను రోగనిర్ధారణకు కాకుండా, నెలనెలా మార్పు ఎటు వెళుతోందో చూసుకోవడానికే వాడుకుంటాను.

సైకియాట్రిస్టుతో కలిసి చర్చించాక, ఆయన పాత మందును క్రమంగా తగ్గించి ఆపేశారు. డిప్రెషన్‌కు ఎస్ఎస్ఆర్ఐ రకం మందు (మెదడులో సెరటోనిన్ మీద పనిచేసేది) మొదలుపెట్టారు.

ఎప్పుడు వెళుతోంది, ఎందుకు వెళుతోంది

చికిత్సలో మొదటి పని రోజూ ఒక పుస్తకం (డైరీ) రాయించడం. డాబా ఎక్కిన వేళ, దానికి ముందు జరిగినది, ఒంట్లోనూ మనసులోనూ అనిపించినది, అక్క ఊళ్లో ఆ రోజు నడిచిన కథ, దిగిన వేళ, ఇంతే. కలను ఆపమని చెప్పలేదు. లెక్కలు రాసే అమ్మాయి కావడంతో పేజీకి గీతలు గీసి, గడులు కట్టి, ఎర్ర సిరాతో మొత్తాలు వేసి తెచ్చింది. పాటే తనను లాక్కుపోతోందని అప్పటిదాకా ఆమె గట్టిగా నమ్మింది. పుస్తకం వేరే సంగతి చెప్పింది. పాట తలుపు మాత్రమే. దానికి ముందు గడిలో, అత్యధిక రోజుల్లో, ఇంటి నుంచి వచ్చిన ఫోను ఉంది.

ఆ ఫోన్ల వెనక ఉన్న చరిత్ర పల్నాడు, గుంటూరు, ఖమ్మం మిర్చి రైతులకు నేను చెప్పనక్కర్లేదు. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు పూతను ఊడ్చేసింది. ఈ కుటుంబం కౌలుకు తీసుకున్న చేలో పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. కౌలు సొమ్ము ముందే కట్టేశారు. పురుగుమందుల కొట్టులో అరువు, నూటికి మూడు రూపాయల వడ్డీకి రాసిచ్చిన ప్రోనోట్లు మిగిలాయి. తండ్రి అప్పటి నుంచి మాట తగ్గించేశాడు. అప్పుల వాళ్లు అరుగు మీద కూర్చుంటే ఆయన పొలం వంక పెట్టుకుని పోయేవాడు, జవాబు తల్లి చెప్పేది, తల్లి ఫోను చేసి కూతురికి చెప్పేది. "నువ్వే ఏదో ఒకటి చూడమ్మా" అన్న మాటతో ఫోను ముగిసేది. చూడటానికి ఆమె చేతిలో ఉన్నది ఒక జీతం, అందులో సగం అప్పటికే ఇంటికి పోతోంది. ఆ ఫోను పెట్టేశాక ఆమె డాబా ఎక్కేది.

అక్క ఊళ్లో ఆ రోజుల్లో నడిచిన కథలన్నీ ఒకేలా ఉన్నాయి. ఎవరో ఒకరు గడపలోకి వచ్చి గట్టిగా మాట్లాడతారు, అక్క ఎదురు కుర్చీలో కూర్చుని వాళ్లకు సమాధానం చెప్పి పంపుతుంది, చెల్లెలు లోపలి గదిలో నిశ్చింతగా పడుకుంటుంది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన సంగతి ఇదే. పగటికలను కేవలం వ్యసనంగా చూస్తే, గంటలు లెక్కపెట్టి గంటలు తగ్గిస్తాం. ఆ చూపు పనికిరాదని అనను, పుస్తకం రాయించింది ఆ పద్ధతిలోనే. అయితే ఆ కల ఆ మనిషికి ఏ పని చేసిపెడుతోందో అడగకుండా దాన్ని లాక్కుంటే, ఆ పని చేసేవాళ్లు ఇంక ఎవరూ మిగలరు. ఈమెకు ఆ ఊహ చేసిపెడుతున్నది రెండు పనులు: తన తరఫున నిలబడి మాట్లాడటం, తనకు విశ్రాంతి ఇవ్వడం. ఆ రెండూ ఆమెకు నిజంగా కావలసినవే, న్యాయంగా రావలసినవే.

అయితే ఊహలో దొరికిన ఊరట ఊరికే రాదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన సైకాలజిస్టు గాబ్రియేల్ ఓటింగెన్, హెదర్ కాప్స్‌తో కలిసి 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, కోరుకున్నది జరిగిపోయినట్టు తీయగా ఊహించుకున్నవారి రక్తపోటులో సైతం తగ్గుదల కనిపించింది. పని ఇంకా మిగిలే ఉన్నా, అయిపోయిందన్నట్టు శరీరం సడలిపోతుంది. ఈమె పుస్తకంలోనూ అదే కనిపించింది. అప్పుల వాడికి అక్క జవాబు చెప్పిన రాత్రి ఆమె ఇంటికి తిరిగి ఫోను చేసిన దాఖలా ఒక్కటీ లేదు. మర్నాటికి అప్పు అలాగే ఉండేది, దాని పక్కన సిగ్గు కొత్తగా చేరేది, ఆ సిగ్గు మళ్లీ డాబా ఎక్కించేది.

చికిత్స నడిచిన తీరు

మొదటి నెలల్లో చేసినవి మామూలు పనులే. ఫోను పెట్టేసిన వెంటనే డాబా ఎక్కకుండా పది నిమిషాలు వాయిదా వేయడం. ఆ పది నిమిషాల్లో ఒంట్లో ఏమవుతోందో, గొంతు బిగుసుకోవడం, అరిచేతులు చల్లబడటం, గమనించి పుస్తకంలో రాయడం. ఇయర్‌ఫోన్లు కింద గదిలోనే వదిలేయడం. నడవాలనిపిస్తే చెప్పులేసుకుని రోడ్డు మీద, సాయంత్రం వెలుగులో, హాస్టల్లో ఒక స్నేహితురాలితో నడవడం. స్వీయ పరిశీలనను, మైండ్‌ఫుల్‌నెస్ సాధనను కలిపి ఇంటర్నెట్ ద్వారా చేసిన చికిత్స ఉపయోగపడుతోందని 2023లో వచ్చిన ఒక యాదృచ్ఛిక పరీక్ష (పాల్గొన్నవారిని చీటీ తీసినట్టు గుంపులుగా విడదీసి పోల్చినది) చూపింది; మా పనికి అదే ఆధారం. గంటలు తగ్గడం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఆమె కుంగిపోయింది.

"అక్కను నా చేతులతోనే చంపేస్తున్నట్టుంది మేడం" అంటూ ఆ రోజు చాలాసేపు ఏడ్చింది. దీన్ని తేలికగా తీసుకునే చికిత్సకులను చూశాను. లేని మనిషి కోసం ఏడుపేమిటని అనిపించవచ్చు. నా దృష్టిలో అది నిజమైన దుఃఖం. తొమ్మిదేళ్ల పిల్ల, ఇంటికి దూరంగా, చీకట్లో, తనను తాను బతికించుకోవడానికి చేసుకున్న మనిషి ఆ అక్క. అందుకే అక్కను పంపించేయాల్సిన పని లేదని చెప్పాను. ఆమె మాట్లాడే మాటలు నేర్చుకుందామన్నాను.

అక్కడి నుంచి చికిత్స దారి మారింది. అప్పుల వాడితో అక్క మాట్లాడిన ఒక ఘట్టాన్ని మాటకు మాట కాగితం మీద రాసి తెమ్మన్నాను. తెచ్చిన రెండు పేజీల్లో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. "కూర్చోండి బాబాయ్. మీ డబ్బు మీకు వస్తుంది. ఎప్పుడు, ఎంత అన్నది కాగితం మీద పెట్టుకుందాం. మా అమ్మతో మాత్రం గట్టిగా మాట్లాడొద్దు." ఇదీ అక్క మాట. ఈ మాటలు ఎవరివని అడిగాను. కాసేపటికి, నావేనంది. గదిలో నేను అప్పుల వాడి వంతు తీసుకుని, ఆమె చేత అవే మాటలు చెప్పించాను. మొదట్లో గొంతు పెగల్లేదు, మధ్యలో ఆపి "అక్కయితే చెప్పగలదు మేడం" అనేది. వారాల మీద గొంతు నిలబడింది. దానితో పాటు, తీయని ఊహను అడ్డంకి పక్కన పెట్టి చూసే సాధన చేయించాను: కోరికను ఊహించు, వెంటనే దానికి అడ్డు ఏమిటో ఊహించు, ఆ అడ్డు ఎదురైతే ఏం చేస్తావో ఒక్క వాక్యంలో రాయి.

తల్లిదండ్రులను ఇద్దరినీ పిలిపించాను. తండ్రి వస్తాడని ఆమె నమ్మలేదు. వచ్చాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆమె ప్రోనోట్లన్నీ ఒక పట్టీగా వేసి తెచ్చింది. ఎవరికెంత అసలు, ఎంత వడ్డీ, ఇప్పటిదాకా ఎంత కట్టారు. కోల్డ్ స్టోరేజీలో రోజూ చేసే పనే అది, తన ఇంటికి మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఆ కాగితాన్ని తండ్రి చాలాసేపు చూసి, "ఇంతేనా?" అన్నాడు. ఆయన మనసులో అప్పు అంతకన్నా పెద్దదైపోయి ఉంది. అదేమీ చిన్న మొత్తం కాదు, కానీ అంకె తెలిసిన అప్పుతో మాట్లాడవచ్చు. ఫోనులో కబుర్లు ఇక తండ్రే చెప్పాలనీ, వారంలో ఒక రోజే డబ్బు మాట రావాలనీ అక్కడే కుదుర్చుకున్నారు. ఆ పండక్కి ఊరెళ్లినప్పుడు అరుగు మీదికి వచ్చిన పెద్ద అప్పుల వాడితో ఆమె మాట్లాడింది. చేతులు వణికాయని చెప్పింది. అసలు కొంచెం కొంచెంగా కట్టించుకోవడానికి అతను ఒప్పుకున్నాడు. వడ్డీ తగ్గించడానికి ఒప్పుకోలేదు.

దాదాపు ఏడాది గడిచాక పుస్తకంలో డాబా గంటలు పనిరోజుల్లో గంట లోపుకు వచ్చాయి, కొన్ని రోజులు అసలు లేవు. ఆదివారాలు ఇంకా కష్టమే. డిప్రెషన్ బాగా తగ్గింది. రికార్డుల్లో మళ్లీ తప్పు రాలేదు. ప్రతి లోడుకీ లాట్ నంబరు పైకి చదివి రాసే అలవాటు తనంతట తానే చేసుకుంది. ఈ ఫలితాన్ని నేను పెద్దదిగా చెప్పదలచుకోలేదు. మందు ఎంత పనిచేసిందో, కుటుంబంలో మార్పు ఎంత పనిచేసిందో, పుస్తకం ఎంత పనిచేసిందో ఒక్క మనిషి కేసులో విడదీసి చెప్పలేం. ఆ సంవత్సరం చేలో పంట నిలబడింది, అదీ లెక్కలోకి రావాలి. మరో విషయం కూడా రాయాలి. పేదరికానికి చికిత్స గదిలో మందు లేదు, ఉన్నట్టు నటించడం ఆమెకు అన్యాయం. కౌలుదారుడికి పంట రుణం సులువుగా అందే రోజున ఇలాంటి డాబాలు కొన్నయినా ఖాళీ అవుతాయని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

అక్క ఇప్పటికీ వస్తుంది. తేడా ఏమిటంటే, ఈ మధ్య కథల్లో అక్కకు ఒంట్లో బాగుండటం లేదట, చెల్లెలే వంట చేసి పెడుతోందట. దాన్ని మేము మార్చలేదు, ఆమె చెప్పమంటేనే రాస్తున్నాను. ఇటువంటి లక్షణాలు తమలో గానీ, ఇంట్లోవాళ్లలో గానీ కనిపించి, ఎవరిని అడగాలో తోచనివారు టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రస్తుతం నెలకొకసారి వస్తోంది. మందు ఎప్పుడు తగ్గించాలన్నది సైకియాట్రిస్టు వచ్చే సమీక్షలో చూస్తారు. ఫిబ్రవరిలో మిర్చి లోడ్లు మొదలైతే పని ఒత్తిడి, ఇంటి నుంచి ధరల కబుర్లు ఒకేసారి పెరుగుతాయి కాబట్టి, ఆ మూడు నెలలూ వారానికొకసారి కూర్చోవాలని, డైరీ మళ్లీ గడులు కట్టి రాయాలని ఇద్దరం అనుకున్నాం.